అతికించని కాగితం

సోమవారం పొద్దున జిగురు అడుగంటింది. మైదాపిండిని నీళ్ళలో కలిపి స్టవ్ మీద పెట్టాక చెయ్యి ఆపకుండా గరిటె తిప్పుతూనే ఉండాలి. ఆమె ఆపింది. షెడ్డు బయట చప్పట్లు మొదలయ్యాయి. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. ప్రతి చప్పటతోనూ ఖాళీ పిస్తోళ్ళు టక్కుమంటున్నాయి. గుండ్లు నింపకముందు, కాల్చడం నేర్పే సార్ గార్డుల్ని అలా పదిసార్లు నడిపిస్తాడు. వింటూ నిలబడిపోయింది. మాడువాసన తగిలేదాకా చేతిలో గరిటె ఉన్న సంగతే గుర్తులేదు.

ఫైరింగ్ రేంజ్‌లో అందరూ ఆమెను జిగురక్క అంటారు. గార్డులు కాల్చిన కాగితాల మీద పడిన కన్నాలను వేలిగోరంత గోధుమరంగు ముక్కలతో మూసెయ్యడం ఆమె పని. మూస్తే అదే కాగితం వారమంతా పనికొస్తుంది. కాల్పులు జరిగినంతసేపూ పక్కనున్న ఇటుక గోడ వెనక కూర్చుంటుంది. కాల్పులు ఆగాక పచ్చజెండా ఊపి వెళ్ళి, వలయం లోపల ఎన్ని పడ్డాయో వేళ్ళతో చూపించి, గబగబా అతికించి వచ్చేస్తుంది. పన్నెండు కన్నాలు నిమిషన్నరలో. అంత వేగం ఇంకెవరికీ లేదని సార్ పైవాళ్ళతో చెప్పాడని తెలిసినప్పుడు రెండు రోజులు ఆమెకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

అక్కడికి వచ్చేవాళ్ళు నీళ్ళ ప్లాంటుకి కాపలా కాసే గార్డులు. ఇన్నేళ్ళూ నిలబడి కాల్చేవాళ్ళు. ఈ ఏడు నడుస్తూ కాల్చాలన్నారు. పాతిక గజాల గీత దగ్గర బయలుదేరి, పది గజాల గీత చేరేలోపు ఆగకుండా ఆరు గుండ్లు. వెనక్కి వచ్చి మళ్ళీ ఆరు. మొత్తం పన్నెండులో తొమ్మిది, భోజనం పళ్ళెమంత వలయంలో పడాలి. మొదటిసారి తప్పినవాళ్ళు నలుగురు. వాళ్ళకి గురువారం ఇంకొక్క అవకాశం. నలుగురిలో ముగ్గురు మగవాళ్ళు, వారం సాధనలోనే తొమ్మిదికీ పదికీ చేరుకున్నారు. నాలుగో మనిషి ఒక అమ్మాయి. గార్డులందరిలోకీ పొడుగు కాబట్టి ఆమె పేరు నిచ్చెన. నిచ్చెన నాలుగు దాటడం లేదు.

సోమవారం కూడా నాలుగే. జిగురక్క నాలుగు వేళ్ళు చూపించింది.

"ఏమ్మా, ఎన్నిసార్లు చెప్పాను? ఎడమకాలు నేలకి తగలాలి, నా చప్పట మోగాలి, నీ గుండు పేలాలి. మూడూ ఒకటే," అన్నాడు సార్. ఆయన మనిషి కఠినుడు కాడు. వరసగా నిలబెట్టి కవాతు నేర్పిన మనిషి. కాలు చప్పుడు ఒకటిగా వినపడకపోతే ఆయనకు ఒంట్లో బాగోదు.

"అలాగే చేస్తున్నాను సార్."

"చేస్తే ఎందుకు పడవు? నడుము ఊగుతోంది. ఆడవాళ్ళకి నడిస్తే నడుము ఊగుతుంది, ఎవరేం చేస్తారు."

మగ గార్డులు నవ్వారు. అందరిలో లావుపాటివాడు, బొండాం అంటారు, అతను ఇంకో మాట కలిపాడు. "ఏం కాదులే సార్. గురువారం తప్పితే నిచ్చెన్ని ఎత్తుకెళ్ళి దూరపు పంపుహౌసు గోడకి ఆనిస్తారు. అక్కడ గోడలు ఎత్తు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తప్పితే పిస్తోలు తీసేసుకుంటారు, పిస్తోలు లేని గార్డుకి క్వార్టర్స్ ఇవ్వరు. పంపుహౌసుకి రెండు బస్సులు మారి వెళ్ళాలి. నిచ్చెన తల్లి మంచాన పడి ఉంది. ప్లాంటు వెనకే ఉన్న ఒంటిగది క్వార్టర్‌లో ఆమెను రెండు గంటలకొకసారి పక్కకి తిప్పకపోతే వీపు పుండవుతుంది. డ్యూటీ మధ్యలో పరిగెత్తుకెళ్ళి తిప్పి వస్తోంది నిచ్చెన. అది అందరికీ తెలుసు. బొండాం తల గోక్కుంటూ, "ఊరికే అన్నాన్లే," అన్నాడు.

జిగురక్క నిచ్చెన కాల్చే మూడో చట్రం దగ్గర కూర్చుని, కన్నాలు మూస్తూ, చేతిని కాస్త ఆపింది. వలయం కింద ఎనిమిది కన్నాలు ఉన్నాయి. ఆ ఎనిమిదీ ఎక్కడపడితే అక్కడ లేవు. ఒకదాని కింద ఒకటి, గోడ దిగుతున్న చీమల్లా ఉన్నాయి.

"జిగురూ, నిద్రపోతున్నావా?" గీత దగ్గర నుంచి సార్ కేక.

గబగబా అతికించేసింది.

మంగళవారం మధ్యాహ్నం సార్‌కి ఫోన్ వచ్చింది. నిచ్చెన అప్పుడే నడక మొదలుపెట్టింది. గోడ వెనక జిగురక్కకి మనిషి కనిపించదు, చప్పుళ్ళే వినిపిస్తాయి. చప్పట, గుండు. చప్పట, గుండు. తర్వాత చప్పట రాలేదు. గుండు కూడా వెంటనే రాలేదు. కాసేపటికి ఒకటి పేలింది. ఇంకాసేపటికి రెండు వెంటవెంటనే, చివరికొకటి. దూరంగా సార్ ఎవరితోనో "రేపు పంపిస్తానన్నానా లేదా" అంటున్నాడు.

జెండా ఊపి వెళ్ళి చూసింది. రెండు కన్నాలు కింద, చీమలబారులో. నాలుగు వలయంలో, అరచెయ్యి పెడితే మూసుకుపోయేటంత దగ్గరగా.

ఆమె వేళ్ళు చూపించింది. సార్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఆరింటిలో నాలుగా? చూశావా, నేను చెప్పినట్టు చేస్తే ఎలా పడతాయో," అన్నాడు. రెండో నడకకి మళ్ళీ చప్పట్లు మోగాయి. ఆరింటిలో ఒకటి పడింది.

ఆ రోజు పని అయ్యాక మూడో చట్రం మీది కాగితాన్ని చింపకుండా విప్పి, చుట్టి చంకలో పెట్టుకుంది. చట్రానికి కొత్తది తగిలించింది. పాత కాగితాలు తూకానికి పోతాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. వెళ్ళబోతుంటే బొండాం మాత్రం, "ఇంట్లో అల్మరాలో పరుచుకోవడానికా అక్కా? నాది కూడా పట్టుకెళ్ళు, నీ బట్టలకి గాలి ఆడుతుంది," అన్నాడు. ఆమె తల వంచుకుని నవ్వి వచ్చేసింది. ఆమెకు అంతకన్నా మాట్లాడటం రాదు.

ఇంట్లో వదిన కిటికీ దగ్గర కూర్చుని జాకెట్టు గుండీలు కుడుతోంది. జిగురక్క కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. వెలుతురు పడగానే అతికించిన ప్రతి ముక్కా నల్లగా తేలింది. రెండు రోజుల గుండ్లన్నీ ఒకేసారి కనిపించాయి. అవన్నీ తను మూసినవే. వలయంలో కొన్ని. మిగిలినవన్నీ కిందికి జారిన తోకలా ఒకే బారు.

"గాలిపటమా?" అంది వదిన.

"వదినా, ఒక్కసారి చప్పట్లు కొట్టవా? నా ఎడమకాలు నేలని తగిలినప్పుడల్లా."

"ఎందుకే, నాట్యం నేర్చుకుంటున్నావా ఈ వయసులో?" అంటూనే సూది జాకెట్టుకి గుచ్చి కొట్టడం మొదలుపెట్టింది.

జిగురక్క పొడుగు పిడి ఉన్న కుంచెను రెండు చేతులతో ముందుకు చాపి, గోడ మీది మేకుకి గురిపెట్టి నడిచింది. కాలు నేలకి తగిలిన ప్రతిసారీ కుంచె కొస టక్కున కిందికి పడుతోంది. చప్పట కూడా సరిగ్గా అప్పుడే మోగుతోంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి నడిచింది. మళ్ళీ అంతే. ఆగి, పొద్దుటే స్టవ్ దగ్గర నుంచి నిండు జిగురు డబ్బా ఎలా తెస్తుందో గుర్తు తెచ్చుకుంది. కాలుతున్న డబ్బా. తొణికితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. మోకాళ్ళు కొంచెం వంచి, మడమ ముందు ఆనించి, పాదాన్ని మెల్లగా వేళ్ళదాకా దొర్లించింది. కొస అదురుతూనే ఉంది కానీ మేకుని వదిలి పోవడం లేదు.

అన్నయ్య లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఏం జరుగుతోందిక్కడ?"

"మీ చెల్లెలు గోడని బెదిరిస్తోంది," అంది వదిన, చప్పట్లు ఆపకుండా.

ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. సార్‌తో ఎలా చెప్పాలి? మీ చప్పట్ల వల్లే అని? పిస్తోలు ఏ రోజూ పట్టుకోని తను? సార్ అనడానికి మాట వెతుక్కోనక్కర్లేదు, నీ పని అతికించడం అంటాడు. అది నిజం కూడా. ఆమెను తినేస్తున్నది అదే. కాల్చిన మనిషికి తన కన్నాలు ఎప్పుడూ కనబడవు. గీత దాటి ముందుకు రానివ్వరు. కనబడేది అంకె ఒక్కటే. అంకె చూపించి, మిగతాదంతా తను నిమిషన్నరలో మూసేస్తోంది.

బుధవారం భోజనాల విరామంలో క్వార్టర్స్‌కి వెళ్ళింది. చంకలో కాగితం. తలుపు తీసే ఉంది. నిచ్చెన యూనిఫాంలోనే మంచం మీదికి వంగి తల్లిని తిప్పుతోంది. జిగురక్క ఏమీ అడగకుండా చెప్పులు విడిచి అటువైపు వెళ్ళి తుంటి కింద చేతులు పెట్టింది. ఇద్దరూ కలిసి తిప్పారు. వీపు వెనక దిండు దోపారు.

"ఎవరే?" అంది తల్లి గోడవైపు చూస్తూ.

"రేంజ్‌లో పనిచేసే అక్క, అమ్మా. నా తప్పులు మూసే అక్క," అంది నిచ్చెన.

జిగురక్క చంకలోది చేతిలోకి తీసుకుంది. కాగితం విప్పి కిటికీకి పట్టింది. నిచ్చెన దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. వేలితో ఆ బారుని పైనుంచి కిందికి తడిమింది.

"ఇవన్నీ నావేనా?"

"నీవే. ఈ నాలుగు మాత్రం సార్ ఫోన్‌లో ఉన్నప్పటివి."

"అయితే?"

"ఆయన చప్పట కొట్టేది కాలు నేలకి తగిలినప్పుడు. చెయ్యి కిందికి పడేది కూడా అప్పుడే. నువ్వు సరిగ్గా అప్పుడే నొక్కుతున్నావు."

"సార్ చెప్పినట్టే కదక్కా చేస్తున్నాను."

"అదే."

నిచ్చెన మంచం అంచున కూర్చుంది. "మరి వాళ్ళు ముగ్గురూ? వాళ్ళకీ అవే చప్పట్లు కదా."

జిగురక్క కాగితం దించింది. నిచ్చెన చెవులవైపు చూసింది. ఎడమ చెవిలో దూది ఉంది. కుడిచెవిలో లేదు.

"ఆ చెవిలో దూది ఏది?"

"పెట్టుకుంటే చప్పట్లు వినపడవుగా. రేంజ్‌లో ఉన్నంతసేపూ తీసేస్తాను. రోజూ సాయంత్రం దాకా గుయ్యిమంటూనే ఉంటుంది." అంటూనే ఆగిపోయింది. బొండాం రెండు చెవుల్లోనూ మూటలంత దూది కుక్కుకుంటాడు. మిగతా ఇద్దరూ అంతే. వాళ్ళు సార్ చప్పట్లు ఒక్కటి కూడా విని ఉండరు. ఎప్పుడు కుదిరితే అప్పుడు కాల్చుకుని, అవునంటే అవును సార్ అంటూ వచ్చారు. వారం రోజులుగా ఆ చప్పట్లు కొట్టింది ఆమె ఒక్కదాని కోసమే.

నిచ్చెన నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

జిగురక్క మోకాళ్ళు వంచి గదిలో నడిచి చూపించింది. నాలుగంగలు వేస్తే గోడ వస్తోంది. నిచ్చెన వెనకే నడిచింది, చేతులు ముందుకు చాపి. "కొస అదురుతుంది, అదరనీ. ఆగేదాకా చూడకు. మెల్లగా నొక్కుతూనే ఉండు, ఎప్పుడు పేలుతుందో నీకే తెలియకూడదు," అంది జిగురక్క. ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆమెకే తెలియలేదు. పదకొండేళ్ళుగా గీత దగ్గర నుంచి తన చెవిన పడిన మాటలే కావచ్చు. మంచం మీద తల్లి, "ఇద్దరికీ కాళ్ళు నొప్పులా?" అని అడిగింది.

గుమ్మం దాకా వచ్చాక నిచ్చెన గొంతు తగ్గించింది. "అక్కా, రేపు ఒకటో రెండో తక్కువైతే... పెన్సిల్‌తో ఇంకో కన్నం పొడిస్తే తెలియదంటారు."

జిగురక్క వంగి చెప్పులు వేసుకుంది.

"ఊరికే అన్నాను," అంది నిచ్చెన.

గురువారం పెద్దాఫీసు నుంచి పరీక్షాధికారి వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వాటినే జేబుల్లో వెతుక్కునే మనిషి. ముందు మగవాళ్ళు ముగ్గురూ నడిచారు. తొమ్మిది, పది, తొమ్మిది. బొండాం చెవుల్లోంచి దూది పీకేసి, "అమ్మయ్య," అన్నాడు.

నిచ్చెన గీత దగ్గరికి వచ్చింది. రెండు చెవుల్లోనూ దూది ఉంది. గోడ వెనక్కి వెళ్ళబోతూ జిగురక్క అది చూసింది. గురి తప్పనివాళ్ళ చెవుల జోలికి పోని సార్ కూడా చూశాడు.

"తియ్యమ్మా అది. నా చప్పట్లు ఎలా వినపడతాయి?"

నిచ్చెన ఒక్క క్షణం ఆగింది. తర్వాత కుడిచెవిలోది తీసి జేబులో వేసుకుంది.

గోడ వెనక జిగురక్క డబ్బాని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. చప్పట, గుండు. చప్పట, గుండు. ఆరూ అలాగే, కుట్టుమిషన్ కుట్టినట్టు. పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చుంది. రెండో నడక మొదలైంది. చప్పట మోగింది. గుండు పేలలేదు. చప్పటకీ చప్పటకీ మధ్యలో పేలింది. తర్వాతది చప్పటకి ముందే వచ్చేసింది. "ఏమ్మా, లెక్క, లెక్క," అని సార్ అరుస్తున్నాడు. చప్పట్లు గట్టిగా మోగుతున్నాయి. గుండ్లు వాటిని తప్పించుకుంటూ తమ ఇష్టం వచ్చినప్పుడు పేలుతున్నాయి.

వెళ్ళి చూసింది. కింద నాలుగు. లోపల ఎనిమిది.

మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిదే. గీతను ముట్టుకున్నది కూడా లేదు. ఆమె వీపు అందరివైపూ ఉంది. అంకెలు రాసుకునే పెన్సిల్ చెవి మీద ఉంది. ఒక్క పోటు. వలయం మధ్యలో కాగితం అసలే చిల్లులు పడి ఉంది, ఎవరికి తెలుస్తుంది? మంచం మీది మనిషి తుంటి బరువు చేతులకి ఇంకా తెలుస్తోంది.

"ఎన్ని, జిగురూ?"

ఎనిమిది వేళ్ళు ఎత్తింది.

 తర్వాత సార్ గొంతు, కొంచెం తగ్గి. "సరే. అతికించెయ్. లెక్క ముగిద్దాం."

కుంచె జిగురులో ముంచింది. మొదటి ముక్కకి జిగురు రాసింది. దాన్ని వేలి మీద పెట్టుకుని, కాగితం దాకా తీసుకెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ముక్కను తన కొంగుకి తుడిచేసుకుంది. నాలుగు మూలలా మేకులు పీకి కాగితాన్ని విప్పింది. దాన్ని రెండు చేతులతో ముందు పట్టుకుని గీతవైపు నడిచింది. పాతిక గజాలు. ఇంతమంది చూస్తుండగా ఆ దారిలో ఆమె ఎప్పుడూ నడవలేదు. ఏ కాలు ముందు పడుతోందో తెలియడం లేదు.

కాగితాన్ని పరీక్షాధికారి బల్ల మీద పరిచింది.

"ఏంటమ్మా ఇది?"

"ఇవి చప్పట్లతో కాల్చినవండి." కింది బారు మీద వేలు పెట్టింది, గొంతు ఆమెకే వినపడలేదు. మళ్ళీ అదే చెప్పి, వేలు వలయంలోకి జరిపింది. "ఇవి వినకుండా కాల్చినవి."

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీద దొరికాయి. దించుకుని చూశాడు. "చప్పట్లు రూల్సు పుస్తకంలో ఉన్నాయా?" అని సార్‌ని అడిగాడు.

"లేవండి. నా పద్ధతి. ఇన్నేళ్ళుగా కవాతు..." సార్ మొహం ఎర్రబడింది. జిగురక్కని చూశాడు, కాగితాన్ని చూశాడు. "దానికీ దీనికీ ఏం సంబంధం? నేను కాల్చి చూపిస్తాను. ఒరేయ్ బొండాం, కొట్టరా చప్పట్లు."

"నేనా సార్?"

"నువ్వే. ఎడమకాలి మీద."

సార్ చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. నిటారుగా, కవాతు నడకలో బయలుదేరాడు. బొండాం భయంభయంగా కొట్టాడు. ఆరు చప్పట్లు, ఆరు గుండ్లు. అంత ఒక్కటిగా మోగడం ఆ రేంజ్‌లో ఎవరూ విని ఉండరు. జిగురక్క వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే ఆ కాగితం కూడా విప్పి తెచ్చింది. లోపల రెండు. మిగతా నాలుగూ కింద, ఒకదాని కింద ఒకటి.

సార్ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో మిగతావాళ్ళ చేత ఎన్ని వేల కాగితాల మీద కాల్పించి ఉంటాడో. తనది దగ్గరగా చూసుకోవడం మొదటిసారి అయినట్టుంది. చూస్తూనే ఉన్నాడు. 

"ఆ అమ్మాయిని మళ్ళీ కాల్చనివ్వండి," అన్నాడు పరీక్షాధికారి. "పన్నెండూ."

"అలాగేనండి." సార్ కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు. నిచ్చెనవైపు తిరిగాడు. ఏదో చెప్పబోయి, "రెండు చెవుల్లోనూ పెట్టుకోమ్మా," అని మాత్రం అన్నాడు. అని, చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో దోపుకున్నాడు.

జిగురక్క గోడ వెనక కూర్చుంది. గుండ్లు పేలుతున్నాయి. ఏది ఎప్పుడు వస్తుందో తెలియడం లేదు. ఒక్కోదానికీ భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. ఆరయ్యాయి. నడిచి వెనక్కి వెళ్తున్న బూట్లు. మళ్ళీ ఆరు. పన్నెండోదాని తర్వాత కూడా ఇంకొకటి ఉందేమోనని కాసేపు అలాగే ఉంది. తర్వాత జెండా ఊపింది.

చట్రం దగ్గరికి ఆమె చేరేసరికి వెనక అడుగులు వినిపించాయి. నిచ్చెన వస్తోంది. గీత దాటి ముందుకి. పిస్తోలు బల్ల మీద పెట్టేసి వస్తోంది. ఆపమన్నట్టు జిగురక్క సార్‌వైపు చూసింది. సార్ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

నిచ్చెన కాగితం ముందు నిలబడింది. చూపుడువేలు కన్నాల మీద ఒక్కొక్కటిగా పెడుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. అయిదు. ఆరు. ఏడుని రెండుసార్లు ముట్టుకుంది. ఎనిమిది. తొమ్మిది. అక్కడ వేలు ఆపేసింది. వలయంలో ఇంకా కన్నాలు ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. చెవుల్లోంచి దూది తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"టైమెంతయిందక్కా?"

"పదకొండున్నర దాటింది."

"అమ్మని అటు తిప్పాలి," అని, చట్రాల వెనక మట్టిగట్టు పక్క నుంచి క్వార్టర్స్‌వైపు పరుగు తీసింది.